ఫ్యాను డొంక బోర్డు మీద ఏం రాయాలి?

పోయిన నెల మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నల్ల గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు. "ఒకప్పుడు వందలాది ఎకరాలకు సాగునీరందించి, ఈ ప్రాంత రైతుల జీవితాల్లో వెలుగులు నింపిన చారిత్రక గాలిమర." కింద అసోసియేషన్ పేరు, తేదీ కోసం వదిలిన ఖాళీ. పావుగంటలో వరసగా దండాలు, చప్పట్లు పడిపోయాయి. ఆ సాయంత్రం అధ్యక్షుడుగారు నాకు విడిగా ఫోన్ చేశారు. "సార్, అది మీ నాన్నగారు పెట్టించిందే కదా. ఆవిష్కరణ రోజు మీరే రెండు మాటలు మాట్లాడాలి."

మాట్లాడటానికి నాకేం అభ్యంతరం లేదు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, మైకు చేతికిస్తే వదలనని ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫిర్యాదే. చిక్కంతా ఆ వాక్యంతోనే. అది వందల ఎకరాలు తడపలేదు. మా రెండెకరాల మిరప చేనునే ఒక్క ఏడాది కూడా సరిగా తడపలేదు. దాని కింద ఏపుగా పెరిగినవంటూ ఉంటే మా అమ్మ వేసుకున్న నాలుగు వంగ మొక్కలు.

అసలు దాన్ని గాలిమర అని పిలిచినవాళ్లు మా ఊళ్లో ఒక్కరు లేరు. అందరికీ అది ఫ్యాను. పొలాలకు పోయే బాట ఫ్యాను డొంక. ఇప్పుడు ఆ డొంక సిమెంటు రోడ్డయింది, చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో అపార్ట్‌మెంట్లు లేచాయి. అయినా గుంటూరు నుంచి వచ్చే షేర్ ఆటోవాళ్లు "ఫ్యాను, ఫ్యాను" అనే అరుస్తారు. మన ఊళ్ల తీరే అంత. సినిమా హాలు పడగొట్టి ఇరవై ఏళ్లయినా సెంటరుకు ఆ హాలు పేరే ఉంటుంది.

మరి బోర్డు మీదికి గాలిమర ఎందుకు వచ్చిందంటే, ఫ్యాను అనే మాటకు ఇప్పుడు మన రాష్ట్రంలో ఇంకో అర్థం ఉందని మీకు తెలియంది కాదు. అసోసియేషన్లో ఆ అర్థం నచ్చేవాళ్లూ ఉన్నారు, నచ్చనివాళ్లూ ఉన్నారు. 2024 ఎన్నికలప్పుడు, కోడ్ వచ్చింది కాబట్టి విగ్రహాలకు ముసుగేసినట్టు దీనికీ గుడ్డ చుట్టాలేమో అని ఒకాయన సరదాకి అన్నాడు. ఇంకొకాయన దాన్ని సరదాగా తీసుకోలేదు. అప్పటినుంచి కాగితాల మీద అది గాలిమర. ఎకరాల లెక్క సంగతి తర్వాత, ముందు పేరు దగ్గరే బోర్డు తప్పింది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. రాజధాని మాట వచ్చాక అమరావతి రోడ్డు చుట్టుపక్కల రేట్లు ఎలా ఎగిరాయో చెప్పక్కర్లేదు. మేమూ అమ్మాం. దాపరికం ఎందుకు, ఆ డబ్బులో నా వాటాతోనే ఇక్కడ ఫ్లాటు కొన్నాను. వెంచర్ వేసినవాళ్లు ఫ్యానును పీకకుండా ఉంచారు, బ్రోచరు మీద ఫొటో బాగా వస్తుందని. బావి మాత్రం పూడ్చేశారు. గాలికి కిర్రుమంటోందని చక్రానికి వెల్డింగ్ వేసి కదలకుండా చేశారు. రెక్కల అంచులకు లైట్లు చుట్టారు. ఎద్దును అమ్మేసి మువ్వలు దాచుకున్నట్టు.

ఆషాఢంలో గాలి, పుష్యంలో దాహం

సంప్రదాయేతర ఇంధనాలకని ఢిల్లీలో విడిగా ఒక శాఖ పెట్టింది 1982లో. నాలుగేళ్లకు ఆ గాలి మా ఊరిదాకా వీచింది. సబ్సిడీ మీద గాలి పంపు ఇస్తారంటే నాన్న పేరు రాయించుకున్నాడు. 1986 వేసవిలో లారీ మీద వచ్చింది. పన్నెండు రేకు రెక్కలు, అయిదు మీటర్ల చక్రం, ముప్పై అడుగుల టవరు, వెనకాల తోక. చక్రం తిరిగితే క్రాంకు తిరుగుతుంది, దానికి బిగించిన పొడుగాటి కడ్డీ కిందికీ పైకీ ఆడుతుంది, బావిలోని సిలిండర్లో పిస్టన్ నీటిని పైకి లాగుతుంది. వీధి బోరింగుల్లో వేసేలాంటి తోలు వాషర్లే దీనికీ. అవి అరిగితే నీళ్లు నిలిచేవి కావు. నాన్న బిందెతో పైనుంచి పోసి మళ్లీ పట్టు తెప్పించేవాడు. "అది మనకు పోసిన నీళ్లకంటే మీ నాన్న దానికి పోసిన నీళ్లే ఎక్కువ" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఎనభై ఆరేళ్లామె, ఈ విషయంలో మాత్రం ఒక్క అక్షరం మర్చిపోలేదు.

యంత్రంలో లోపం ఉందని కాదు. దానికీ మిరపకూ ముహూర్తం కుదరలేదు. మా వైపు గాలి జోరుగా ఉండేది ఆషాఢ శ్రావణాల్లో, నైరుతి వచ్చాక. పడమటి గాలికి చక్రం ఊగిపోయేది. అప్పుడు మిరప ఇంకా నారుమడిలోనే ఉంటుంది, వానలూ పడుతుంటాయి, నీళ్లు ఎవరికి కావాలి? నీళ్లు కావలసింది ఈశాన్యం వానలు వెళ్లిపోయాక. మార్గశిరం నుంచి మాఘం దాకా, నల్లరేగడి నెర్రెలిచ్చే రోజుల్లో, చెట్టు నిండా కాయ ఉన్నప్పుడు. సరిగ్గా అప్పుడే గాలి పడిపోతుంది. తెల్లారి మంచులో చక్రం అర చుట్టు తిరిగి, ఆలోచించుకుని, ఆగేది.

గాలి వేగం సగానికి తగ్గితే దాన్లోంచి వచ్చే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతు. వేగం ఘనాన్ని బట్టి శక్తి మారుతుంది. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా దీన్ని ఏటా బోర్డు మీద రాసి, ఉదాహరణకు మా ఫ్యానునే చెప్పేవాణ్ణి. వెనక బెంచీల్లో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ముందు బెంచీలకంటే తొందరగా నవ్వేవాళ్లు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత పుట్టిన ఇళ్లవాళ్లు కదా. తూర్పారబట్టడానికైతే గాలి కోసం రెండు రోజులు ఆగవచ్చు. కాయ మీదున్న చెట్టు ఆగదు.

ఇక రెండో దెబ్బ కరెంటు. రామారావు ప్రభుత్వం 1983లో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టింది. అయిదు హార్స్‌పవర్ మోటారుకు ఏడాది మొత్తానికి 250. మా ఫ్యాను గ్రీజుకు, వాషర్లకు, టవరెక్కే మనిషి కూలికి అంతకంటే ఎక్కువే అయ్యేది. ఆయిలింజనుతో పోటీ అయితే నెగ్గేదేమో గాని, ఆ ధరకు వచ్చే కరెంటు ముందు ఏ గాలి నిలబడుతుంది? ఢిల్లీ ఒక చేత్తో గాలి పంపుకు సబ్సిడీ ఇస్తుంటే, హైదరాబాద్ ఇంకో చేత్తో దానికి అవసరమే లేకుండా చేసింది. చవక కరెంటు తప్పని నేననను, ఆ కరెంటు మీద చదువుకున్నవాణ్ణి. 2004లో ఆ స్లాబు కూడా పోయి ఉచితం వచ్చేసరికి మా ఫ్యాను ఎప్పుడో తుప్పు పట్టింది.

లబ్బక్‌లో నేను చెప్పిన అబద్ధం

బోర్డు మీద అబద్ధం రాశారని ఇంత గోల చేస్తున్నాను గాని, నేనేమీ హరిశ్చంద్రుణ్ణి కాదు. 2019లో మా అమ్మాయి దగ్గర టెక్సాస్‌లో ఆర్నెల్లు ఉన్నాం. అక్కడ ఒక షాపింగ్ కాంప్లెక్సు ముందు, పచ్చగా కత్తిరించిన గడ్డిలో, అచ్చం మా ఫ్యాను లాంటిది కనబడింది. నేను కారు ఆపించి చూస్తుంటే మా అల్లుడికి సరదా పుట్టి, లబ్బక్‌లో ఏకంగా వీటికొక మ్యూజియమే ఉందని, ఒక శనివారం అంత దూరం తీసుకెళ్లాడు.

అక్కడ ఈ చక్రాల కథ వేరు. డేనియల్ హాలడే 1854లో కనెటికట్‌లో చేసిన మర గొప్పతనమల్లా, గాలి మరీ ఎక్కువైతే మనిషి అవసరం లేకుండా తనే సర్దుకోవడం. తర్వాత థామస్ పెర్రీ అనే ఇంజనీరు కృత్రిమ గాలిలో అయిదు వేలకు పైగా పరీక్షలు చేసి రెక్కకు ఎంత వంపు ఉండాలో తేల్చాడు. ఆ లెక్కతో షికాగోలో ఎయిర్‌మోటర్ కంపెనీ 1888లో ఉక్కు చక్రాలు అమ్మడం మొదలుపెట్టింది. రైలింజన్లకు నీళ్లు, ఇంటికి నీళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా పశువులకు నీళ్లు. మనుషులు రోజుల తరబడి చూడకపోయినా తొట్టి నిండుతూ ఉండేది. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చి పొలాలకు తీగలు చేరాక అవి మెల్లగా ఆగిపోయాయి. అంటే అక్కడివాళ్లు దాచుకున్నది గెలిచి, వయసైపోయి, రిటైరైన యంత్రాన్ని. దాని కింద ఎంత గొప్పగా రాసుకున్నా చెల్లుతుంది.

"మీ ఊళ్లో కూడా ఇలాంటిది ఉండేదట కదా మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. "ఆఁ, అయిదెకరాలు తడిపేది" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అంత పెద్ద హాల్లో, నున్నగా రంగులేసి నిలబెట్టిన అన్ని చక్రాల మధ్య, మాది పనిచేయలేదు అనడానికి నోరు రాలేదు. కాబట్టి ఆ గ్రానైటు వాక్యం ఎక్కడినుంచి పుడుతుందో నాకు బాగా తెలుసు. నా అయిదెకరాలు వాళ్ల నోట వందల ఎకరాలయ్యాయి, అంతే తేడా.

నాన్న ఒప్పుకునేవాడా?

అధ్యక్షుడుగారితో ఈ మాటే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, తిరిగి అడిగారు. "అబద్ధమే అనుకోండి సార్, ఎవరికి నష్టం? ఇది పనిచేయలేదు అని ఎవరన్నా బోర్డు రాయించుకుంటారా? పైగా మీ నాన్నగారి పేరు పక్కన." ఆ చివరి మాట గుచ్చుకుంది. మర్నాడంతా దాని చుట్టూనే తిరిగాను.

నాన్న దాన్ని వదల్లేదు. పక్కనే మోటారు పెట్టించుకున్నాక కూడా ఏడాదికి రెండుసార్లు మనిషిని ఎక్కించి గ్రీజు పెట్టించేవాడు. "డబ్బు గాలికి పోవడమంటే ఇదే" అని ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు. "కరెంటువాడు రాత్రి రెండింటికి ఇస్తాడు, నా ఫ్యాను నన్ను నిద్ర లేపదు" అని జవాబు చెప్పేవాడు. అందులో నిజముంది. రాత్రి కరెంటు కోసం చీకట్లో చేలకు పోయి పామును తొక్కినవాళ్లు, తడి చేత్తో స్టార్టరు పట్టుకుని తిరిగి రానివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

1990 మే తుఫాను మా జిల్లా మీదికి వస్తోందని రేడియోలో చెప్పిన సాయంత్రం ఆయన గొడుగు కూడా పట్టకుండా చేలోకి వెళ్లాడు. తోక మడిచి గొలుసు బిగిస్తే చక్రం గాలికి పక్కకు తిరిగి దెబ్బ తప్పించుకుంటుంది. అప్పటికే గాలి మొదలైంది. గొలుసు బిగించి, తడిసి ముద్దై ఇంటికొచ్చి, అమ్మ చేత తిట్లు తిన్నాడు. తెల్లారి చూస్తే టవరు నిలబడే ఉంది, రెండు రెక్కలు మాత్రం వంగిపోయాయి. ఇప్పుడు లైట్లు చుట్టిన చక్రంలో ఆ రెండూ అలాగే ఉన్నాయి. తయారీలోనే లోపమని మా ఎదురు ఫ్లాటాయన నాకే వివరించి చెప్పాడు.

ఇంతా చూసుకున్నాడు కదా, 'సరిగా తడపలేకపోయింది' అని రాస్తే ఆయనకు కష్టంగా ఉండేదా? ఉండేదేమో. కానీ వందల ఎకరాలు అని రాస్తే నవ్వేవాడు. ఆయన నవ్వు గుర్తుంది నాకు, దాని ముందు కష్టపెట్టుకోవడమే నయం.

ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు జవాబు కూడా ఉంది. 2019 నుంచి కుసుమ్ పథకం కింద సోలార్ పంపులు ఇస్తున్నారు. మా బంధువుల్లోనే ఒకబ్బాయి ఆ కాగితాలు పట్టుకొచ్చి తీసుకోనా వద్దా అని అడిగాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, నీకు నీళ్లు ఏ నెలలో కావాలి, ఆ నెలలో ఎండ ఉంటుందా అని. పుష్యమాసంలో గాలి లేకపోయినా ఎండ ఉంటుంది కాబట్టి అది ఫ్యానులా కాదు. రెండో ప్రశ్న, ఉచిత కరెంటు ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరు బాగు చేయించుకుంటారు అని. ఈ రెండు ప్రశ్నలూ నాకు ఫిజిక్స్ పుస్తకం నేర్పలేదు, ఓడిపోయిన మా ఫ్యాను నేర్పింది. అది గెలిచిందని రాశామంటే ఈ ప్రశ్నలు రెండూ చెరిపేసినట్టే. చదివిన పిల్లవాడికి మిగిలేది, ఇంత మంచిదాన్ని పెద్దవాళ్లు ఎందుకు మూలపడేశారు అన్న అనుమానం ఒక్కటే.

గొట్టం కాడ

ఇదంతా మనసులో ఖాయం చేసుకుని, 'మిరప చేను తడపడానికి పెట్టారు, తడపలేకపోయింది' అని కాగితం మీద రాసుకుని కిందికి దిగాను. ఫ్యాను చుట్టూ ఊడుస్తున్న ఆవిడ, పనికొచ్చి రెండేళ్లవుతోంది, నేను పైకి చూస్తూ నిలబడటం చూసి చీపురు ఆపింది.

"ఇది మీదంట గదా సార్. చిన్నప్పుడు మాయమ్మతో కోతలకొచ్చేదాన్ని ఈ చేలకి. దీని గొట్టం కాడే నీళ్లు తాగేవోళ్లం."

"ఇది సరిగా నీళ్లు పోసేది కాదు కదమ్మా" అన్నాను.

"చేనుకేమో నాకు తెలవదు. మాకు పోసేది. బావుల కాడైతే ఎవురన్నా వచ్చి పైనుంచి పొయ్యాల, మేం దోసిలి పట్టాల. ఆళ్లు వచ్చిందాకా ఎండలో నిలబడాల. ఇక్కడ ఎవురూ పొయ్యక్కర్లా. అదే పోసేది."

నేనేం అనలేకపోయాను. ఆ బావుల్లో మాదీ ఒకటి. చెంబుతో పైనుంచి పోసిన చేతుల్లో మా ఇంటివాళ్ల చేతులూ ఉన్నాయి, నాది కూడా. కారంచేడులో 1985 జూలైలో దళితులను చంపిన అంత ఘోరానికి మొదలు మంచినీళ్ల చెరువు దగ్గరే. మా ఊళ్లో ఫ్యాను పెట్టింది ఆ మరుసటేడే. ఈ రెంటినీ ఇన్నేళ్లలో ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను. నాన్న అదేదో ఆలోచించి పెట్టాడని చెబితే అది ఇంకో గ్రానైటు వాక్యం అవుతుంది. ఆయన మిరప కోసమే పెట్టాడు. చేనుకు చాలని నీళ్లు ఎటూ పారేట్టు లేవని, డొంక వైపు ఒక తొట్టి కట్టించి గొట్టం అటు తిప్పాడు, గొడ్లు తాగుతాయని. సన్నటి ధార, మాఘమాసంలో అయితే చుక్క చుక్క. కోతల రోజుల్లో ఇరవై మంది ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు ఆ తొట్టి దగ్గరే అన్నాలు తినేవాళ్లు. నాకు కనబడుతూనే ఉండేది. నీళ్ల లెక్క ఎకరాల్లో వేసుకున్నాను గనక అది లెక్కలోకి రాలేదు.

టెక్సాస్‌లో కూడా అది నెగ్గింది తొట్టి దగ్గరే కదా. మనవాళ్లే దాన్ని తెచ్చి మిరపచేలో పరీక్షకు కూర్చోబెట్టారు.

కాగితం చించి మళ్లీ రాశాను. "ఫ్యాను. 1986లో మిరప చేను తడపడానికి పెట్టారు. ఆ పని సరిగా చేయలేకపోయింది. డొంకన పోయే మనుషులకూ గొడ్లకూ ఏళ్ల తరబడి తాగునీరిచ్చింది. వంగిన రెండు రెక్కలు 1990 తుఫానువి."

అసోసియేషన్ వాళ్లు మర్యాదగానే చదివారు. పలకకు అక్షరాల లెక్కన డబ్బు కడతారట, ఇది పొడుగైందన్నారు. ఫ్యాను బదులు గాలిమర అనే ఉంచుదామన్నారు. 'గొడ్లు' బాగాలేదు, 'పశుసంపద' అందామన్నారు. 'చేయలేకపోయింది' అన్నచోట 'ఆశించిన మేర' అని కలుపుదామన్నారు. వీటిలో కొన్నిటికి ఒప్పుకున్నాను. ఫ్యాను మాట దగ్గర, గొడ్ల దగ్గర ఇంకా బేరం నడుస్తోంది. వెల్డింగ్ తీసేయమని అడిగాను, చప్పుడుకు పై ఫ్లాట్లవాళ్లకు నిద్ర పట్టదన్నారు. ఆ చప్పుడు ఏళ్ల తరబడి విన్నవాణ్ణి, అయినా వాళ్ల మాటా కొట్టేయలేను. గ్రీజు పెట్టేవాళ్లు లేని చక్రం కిర్రుమనే మాట నిజం.

చివరికి ఒక్కటే గట్టిగా అడిగాను. బావి ఎలాగూ పూడ్చారు, కాలనీ బోరు నుంచి ఒక పైపు లాగి, ఫ్యాను కింద గేటు బయటి వైపుకు ఒక కుళాయి పెట్టమని. ఊడ్చేవాళ్లు, ఆటోవాళ్లు, పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లు తాగుతారని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కోశాధికారిగారు అన్నారు, "బయటి జనం గేటు దగ్గర గుమిగూడతారేమో సార్, లుక్కు పోతుంది." దాని మీద ఇద్దరు ముగ్గురు అటూ, ఇద్దరు ముగ్గురు ఇటూ మాట్లాడారు. వచ్చే ఆదివారం మీటింగులో పెడదామని వాయిదా వేశారు.

అజెండా నిన్ననే గ్రూపులో పెట్టారు. కుళాయి అయిదో అంశం. నాలుగోది విజిటర్స్ పార్కింగు. నేను వచ్చినప్పటినుంచి మా అసోసియేషన్ మీటింగు పార్కింగు దాటి ముందుకు వెళ్లడం ఇంతవరకు చూడలేదు.